నిలబడే దండం

నా భార్య పోయింది. పోయిన నెల ఒక శుక్రవారం ఉదయం, స్టవ్ మీద పాలు పెట్టి, వంటింటి గడప దగ్గర కూర్చుంది. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. హోసూరులో మా ఇంటికి ఆస్పత్రి పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాలు కూడా ఆమె అడగలేదు. ఇతరుల కోసం పూటకు ఎనిమిది గంటలు నిలబడిన మనిషి, తన కోసం ఎవరినీ కాపలా పెట్టకుండా వెళ్ళిపోయింది.

ఇది చదివేవాళ్ళలో కొందరికి ఆమె తెలుసు. హోసూరు, కృష్ణగిరి, వేప్పనపల్లి వైపు ఆమెను సిస్టరమ్మ అనేవారు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. నాకు రాయడం అలవాటు లేదు. బీఎస్సీ చదివి, ఇక్కడి ఫ్యాక్టరీలో టూల్ రూములో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఉన్న కొలత ఉన్నట్టు చెప్పడం ఒక్కటే నాకు తెలిసిన విద్య.

ఆమె బెంగళూరులో ఒక పెద్ద ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. మెదడు ఆపరేషన్లు జరిగే థియేటర్. డాక్టరు చూపు తిప్పకుండా చెయ్యి చాస్తాడు. ఆ చేతిలో కావలసిన పనిముట్టు, కావలసిన వైపు తిరిగి పడాలి. అది ఆమె పని. "అడిగినాక ఇచ్చేది ఎవురైనా ఇస్తారు. అడగబోతా ఉంటే ఇయ్యాల" అనేది.

పుట్టిల్లు కావేరిపట్టణం. కిరాణా వ్యాపారం చేసుకునే కుటుంబం. నర్సు చదువుతానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదట. "మన ఇంటి ఆడబిడ్డ ఊరోళ్ళ చీమూ నెత్తురూ తుడిచేదేమి?" అన్నాడు వాళ్ళ అన్న. "నువ్వు ఊరోళ్ళ పప్పూ బెల్లమూ కట్టిచ్చేదేమి అన్నా మరి?" అందట ఈమె. ఆ అన్నే తర్వాతి రోజుల్లో, దుకాణానికి వచ్చినవాళ్ళలో ఎవరికి తలనొప్పి అన్నా మా ఇంటి అడ్రసు చీటీ మీద రాసిచ్చేవాడు.

తెల్లవారకముందే హోసూరు బస్టాండులో బెంగళూరు బస్సు ఎక్కేది. డ్రైవరు వెనక సీటు. కండక్టర్లు అది ఆమె కోసం ఉంచేవారు. కూర్చున్న వెంటనే కళ్ళు మూసుకుని, ఒడిలో వేళ్ళు కదుపుతూ ఏదో గొణుక్కునేది. ఒకసారి పక్కన కూర్చున్న పెద్దాయన భక్తిగా అడిగాడట.

"ఏ దేవుడి నామాలు తల్లీ?"

"దేవుడివి కాదు సామీ, కత్తులవి."

ఆయన లేచి వెనక సీటుకు పోయాడు. ఆ రోజు జరగబోయే ఆపరేషన్‌లో ఏ పనిముట్టు తర్వాత ఏది ఇవ్వాలో ఆమె వల్లించుకుంటోందని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఇంట్లోనూ అదే చెయ్యి. కూరగాయల కత్తి అడిగితే పిడి నా అరచేతిలో చిన్న దెబ్బలా పడేది. పడిందని తెలియడానికి ఆ దెబ్బ. గరిటెలు వాడే వరసలో ఉండేవి. గోళ్ళు పెరగనివ్వదు. గాజులు పెట్టెలోనే. ముక్కుపుడక ఆదివారాలు మాత్రం పెట్టుకునేది.

ఆమె గౌరవించిన ఆపరేషన్ ఒకటుంది. పిట్యూటరీ గడ్డలది. పుస్తకాల్లో పీయూష గ్రంథి అంటారు. ముక్కు వెనక, మెదడు కింద, ఎముకలో ఒక చిన్న గుంటలో శనగగింజంత ఉంటుంది. ఒంట్లోని మిగతా గ్రంథులకు అది మేస్త్రీ. దాని మీద లేచే గడ్డలు కొన్ని మందులకే కరుగుతాయి. కరగనివి, బాగా పెద్దవి, పైకి పెరుగుతాయి. సరిగ్గా ఆ పైనే రెండు కళ్ళ నరాలు కలిసి దాటుతాయి. గడ్డ వాటిని కిందినుంచి ఎత్తి నొక్కుతుంది. అప్పుడు మనిషికి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కల ఉన్నది కనిపించదు. గంతలు కట్టిన గుర్రం సంగతే. ఆ గంతలు కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంటాయి కాబట్టి చాలామందికి చూపు తగ్గుతున్నట్టే తెలియదు.

ఆమె చేరిన కొత్తలో పెద్ద గడ్డ అంటే తల తెరవడమే. కణత పక్కన ఎముక తీసి, మెదడును మెల్లగా ఎత్తిపట్టి, దాని కిందికి పోయేవారు. చిన్నవాటికి పై పెదవి లోపల కోసి, ముక్కు దూలం వెంబడి మైక్రోస్కోపుతో చేరేవారు. తర్వాత సన్నని కడ్డీ చివర కెమెరా వచ్చింది. కోత బయటికి కనపడదు. ముక్కు రంధ్రాలే దారి. ముక్కు డాక్టరు ఒకరు, మెదడు డాక్టరు ఒకరు, నాలుగు చేతులు, చూపు మాత్రం టీవీ మీద. పెద్ద గడ్డలకు కూడా ముందు ఈ దారే చూడటం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అన్నం తింటూ నన్ను అడిగింది.

"మీ ఫ్యాక్టరీలో సిలిండరు లోపల గీత పడిందో లేదో ఎట్ల చూస్తారు?"

"ప్లగ్గు రంధ్రంలో సన్న కెమెరా పెడతాము. ఇంజను విప్పము."

"మేమూ ఇంక అంతే. ముక్కే మా ప్లగ్గు రంధ్రము."

"మేము విప్పకుండా చూస్తాము గానీ, విప్పకుండా బాగు చెయ్యలేము" అన్నాను.

"అందుకే మిమ్మల్ని ఇంజన్ల దగ్గర పెట్టినారు" అంది.

ఇంతకూ నేను చెప్పదలచుకున్నది ఒక కుటుంబం గురించి. మామిడికాయల కాలంలో ఒక ఆదివారం వాళ్ళు మా ఇంటికి వచ్చారు. వేప్పనపల్లి దగ్గర ఒక పల్లె. తోట ఉన్న రైతులు. నా బావమరిది ఇచ్చిన చీటీ పట్టుకుని వచ్చారు. అత్త, కొడుకు, కోడలు. కొడుకు చేతిలో స్కాన్ ఫిలిం కవరు, అత్త చంకలో కాయల బుట్ట. కోడలికి ముప్పై దాటలేదు. పిట్యూటరీ దగ్గర పెద్ద గడ్డ ఉందని, ఆపరేషన్ చెయ్యాలని నా భార్య పనిచేసే ఆస్పత్రిలోనే చెప్పారు. భయపడి ఇంటికి పోయి రెండు వారాలు కూర్చున్నారు.

"కాయలు కోసేటప్పుడు ఎదురుగా ఉండేది కోస్తాది, చేతి పక్కన ఉండేది వదిలేస్తాది" అంది అత్త. "సోమరిది అనుకుని నోటికొచ్చినట్ల తిట్టినాను తల్లీ. దీనికి కనపడనే లేదంట."

నా భార్య కోడలిని చాప మీద తనకు ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గర కూర్చోబెట్టింది.

"నా ముక్కే చూడు పాపా. కండ్లు అట్లా ఇట్లా తిప్పద్దు. నా వేలు కనపడినప్పుడు చెప్పు."

చెయ్యి పక్కకు బారగా చాపి, వేలు ఆడిస్తూ మెల్లగా ముందుకు తెచ్చింది. చెవి దాటింది. చెంప దాటింది. కోడలు పలకలేదు. వేలు ముక్కు పక్కకు వచ్చాక "ఇప్పుడు" అంది. రెండో వైపూ అంతే. నా భార్య ముఖంలో ఏమీ మారలేదు. తర్వాత నాతో అంది, "ఇంకో రెండు నెలలు సుమ్మా, ఊరికే కూర్చుంటే ఎదురుగా ఉండేది కూడా పోతాది."

అత్తకు రెండు సందేహాలు. మొదటిది దారి గురించి.

"ముక్కులోనించి మెదడుకి దారి యాడుందమ్మా? పుట్టినప్పటినించి చీదతా ఉండాము, ఎప్పుడన్నా మెదడు వచ్చిందా?"

నా భార్య నవ్వి, వాళ్ళ బుట్టలోంచే మెత్తగా పండిన నాటు కాయ ఒకటి తీసింది. అరచేతుల మధ్య పిసికింది. తొడిమ కొరికి నొక్కితే రసం వచ్చింది, కాయ లోపలికి ముడుచుకుపోయింది.

"గడ్డ మెత్తగా ఉంటే ఇట్లవ్వా. కిందినించి చిన్న రంధ్రం. లోపలుండేది తీసేస్తా ఉంటే పైనుండే తోలు దానంతటదే దిగి వస్తాది. కండ్ల నరాల మీద బరువు పోతాది."

"పీచు కాయైతే?" అన్నాడు కొడుకు. తోటవాడి ప్రశ్న.

ఆమె నా వైపు చూసింది. డాక్టర్లు కూడా ఇదే అడుగుతారని ఆ చూపుకు అర్థం.

"అదేనప్పా అందరికీ భయం. పీచుంటే పీలిస్తే రాదు. ఇంకొన్ని గడ్డలు నడుము సన్నంగా, సొరకాయ మాదిరి ఉంటాయి. వాటికి పై సగం దిగదు. అప్పుడు ఇంకో రోజు తల పక్కన తెరిచి, పైనించి మిగిలింది తీస్తారు. ముందే చెప్తా ఉండాను. రెండు దారులూ ఉండాయి. యా దారనేది గడ్డ చెప్తాది, మనము కాదు."

రెండో సందేహం ముక్కుపుడకలు. కోడలికి రెండు పక్కలా ఉన్నాయి. ఆపరేషన్‌కు తీసేయాలన్నారు. మొగుడు బతికుండగా ముక్కుపుడక తియ్యడం వాళ్ళ ఇంట్లో లేదు. తీస్తే మొగుడికి కీడు. రెండు వారాలు కూర్చోబెట్టింది అసలు ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది.

నా భార్య, ఆదివారం కాబట్టి పెట్టుకున్న తన ముక్కుపుడక మర తిప్పి తీసి, అరచేతిలో పెట్టి అత్తకు చూపించింది.

"తీసినానవ్వా. అదో, మా ఇంటాయన కుర్చీలో ఉండాడు. చూడు, ఏమన్నా అయ్యిందా?"

ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను పేపరు చదువుకుంటున్నాను. పేపరు దించి, బతికే ఉన్నానన్నట్టు తల ఊపాను.

"వారానికి ఆరు దినాలు తీస్తాను. ఇరవై ఏండ్లుగా తీస్తా ఉండాను. రోజూ రెండు పూటలా తింటాడు" అంది.

ముందు నవ్వింది కోడలు. తర్వాత అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ బుధవారం వాళ్ళు ఆస్పత్రిలో చేరారు.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. గడ్డ మెత్తగానే ఉంది. మర్నాడు ఆమె నాకు కంచంలో పెరుగన్నంతో బొమ్మ గీసి చూపించింది. గడ్డలో ముందు తీసేది అడుగు భాగం, తర్వాత పక్కలు, చివరికి నడుమ. నడుమ ముందు ఖాళీ చేస్తే పై పొర దబ్బున దిగి పక్కల్ని కప్పేస్తుంది, అక్కడ మిగిలింది ఇంక కనపడదు. "తొందరపడే చెయ్యి ముందు నడిమికే పోతాది" అంది. పై పొర మెల్లగా దిగి, గుండెతో పాటు కొట్టుకుంటూ కనపడిందట. రక్తనాళాన్ని అంటుకుని ఉన్న చిన్న ముక్కను మాత్రం పెద్ద డాక్టరు వదిలేశారు. ఆమె దానికీ తలవంచేది. "తియ్యగలిగింది తియ్యడం చెయ్యి. వదలాల్సింది వదలడం బుద్ధి." తర్వాత తొడలోంచి కాస్త కొవ్వు తీసి రంధ్రం పూడ్చి, ముక్కు లోపలి పొరనే మడిచి దాని మీద మూతలా పరిచారు. మెదడు చుట్టూ ఉండే నీరు కిందికి కారకుండా ఆ మూత. అది అతుక్కోవడానికి వారాలు పడుతుంది.

తల తెరవాల్సిన అవసరం రాలేదు.

వారం తర్వాత ఇంటికి పంపించే రోజు, వార్డు తన పని కాకపోయినా, తెలుగులో చెప్పేవాళ్ళు లేరని ఆమె పైకి వెళ్ళింది. ముక్కు చీదద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. బిందె ఎత్తద్దు. దొడ్డికి పోయినప్పుడు ముక్కద్దు. వంగద్దు. అత్త ఒక్కొక్కటీ తిరిగి చెప్పి అప్పజెప్పింది. అంతా సరిగ్గా ఉంది. అప్పుడు కోడలు మంచం దిగి, సిస్టరమ్మ పాదాలు రెండు చేతులతో పట్టుకుని నుదురు ఆనించింది. నా భార్య ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నిండు నూరేండ్లు చల్లగా ఉండు" అంది.

ఆ దృశ్యం నేను చూడలేదు. ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఐదో రోజు ఉదయం మా ఇంట్లో ఫోను మోగింది. ఆమెకు ఆ రోజు సెలవు. కొడుకు మాట్లాడాడు. గొంతు పెద్దది కాబట్టి నాకూ వినబడింది.

"అక్కా, మా ఇంట్లోదానికి జలుబు చేసింది. మిరియాల కషాయం ఇస్తా ఉండాము. తగ్గలేదు."

"చీముడా, నీళ్ళ మాదిరా?"

"నీళ్ళేనక్కా. ఒక పక్కనించే. తల దించితే కొళాయి మాదిరి కారతాది."

"తల ఎందుకు దించినారు? వంగద్దని చెప్పినాను గదప్పా!"

"యాడ వంగిందక్కా? బిందె ముట్టలేదు. కసువు ఊడ్చలేదు. మా అమ్మ మంచమే దిగనీలేదు. ఊరికి వచ్చిన దినము పెద్దోళ్ళ కాళ్ళకి మొక్కింది, అంతే."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఎంతమందికి?"

"అందరికీ అక్కా. పోయిన చూపు వచ్చింది గదా. వీధి వీధే చూసేదానికి వచ్చింది."

అతను అబద్ధం చెప్పలేదు. మన దగ్గర వంగడమంటే నాటు వెయ్యడం, ఊడ్వడం, బిందె ఎత్తడం. పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కడాన్ని ఎవరూ వంగడం అనుకోరు. అది మర్యాద. ఆ ఇల్లంతా ఆమె చెప్పినదాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. పాటిస్తూనే ఆ అమ్మాయి చేత ఒక వీధిమంది ముందు తల నేలకు దింపించింది.

"కషాయం ఆపండి. తల కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టండి. ముక్కు తుడవండి, చీదనీయద్దు. కారు మాట్లాడుకుని రా. హోసూరులో నేను ఎక్కుతాను."

నేనూ ఎక్కాను. మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతోందంటే, అదే దారిన క్రిములు పైకి పోతాయి. మెదడు జ్వరం వస్తే వచ్చిన చూపే కాదు, మనిషే దక్కకపోవచ్చు. కారులో కోడలు తల నా భార్య భుజం మీద ఉంది. అత్తిబెలె దాటాక, నాకు మాత్రమే వినబడేట్టు అంది.

"మొదట మొక్కింది నాకే."

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు దగ్గరికి ఆమె నేరుగా వెళ్ళింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. "తప్పు నాది సార్. వంగద్దని చెప్పినాను. కాళ్ళు మొక్కద్దని చెప్పలేదు. నా కాళ్ళు మొక్కితే దీవించినాను కూడా" అంది. ఆయన, పెద్ద గడ్డలకు వేసిన మూతలు ఎవరూ మొక్కకపోయినా కొన్నిసార్లు ఊడతాయి, నీ వల్ల అని ఎవరూ చెప్పలేరు అన్నారు. "కావచ్చు సార్" అంది. అంతే. ఆ "కావచ్చు"ను ఆమె జీవితాంతం ఒప్పుకోలేదు.

నడుములో సన్నని గొట్టం పెట్టి, నీటి ఒత్తిడి తగ్గించి, నాలుగు రోజులు చూశారు. ఆగలేదు. మళ్ళీ ముక్కు దారినే పోయి మూత సరిచెయ్యాలన్నారు. ఈసారి టేబుల్ దగ్గర ఇంకొకరిని పెట్టమని ఆమె అడిగింది. తన చెయ్యి వణుకుతుందేమోనని భయం. ఆయన ఒప్పుకోలేదు. "వణికితే మొదట తెలిసేది నాకే. వచ్చి నిలబడు" అన్నారట.

వణకలేదు.

జ్వరం రాలేదు. నీరు ఆగింది. పది రోజుల తర్వాత ఆమె కోడలి మంచం మీద ఎదురుగా కూర్చుని మళ్ళీ వేలు ఆడించింది. ఈసారి నేను అక్కడే ఉన్నాను. వేలు చెవి పక్కన ఉండగానే "కనపడింది" అంది కోడలు. ఇంకా వెనక్కి జరిపింది. "ఆడ కూడా కనపడింది. ఇంకా పొయ్యేదా సిస్టరమ్మా?"

"నీ వీపు కూడా చూపించమంటావా?"

తర్వాత బయటికి వచ్చి, వరండాలో కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయిన తర్వాత ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆ రోజు నుంచి ఆమె ఎవరి చేతా కాళ్ళు మొక్కించుకోలేదు. ఎవరైనా వంగబోతే తనే వాళ్ళకంటే ముందు నేల మీద చతికిలబడేది. వెళ్ళిపో అనడం లేదు, వద్దు అని కేకలు లేవు. టక్కున కూర్చునేది. ఇంక వాళ్ళు ఏ కాళ్ళకు మొక్కుతారు? మా అమ్మాయి పెళ్ళిలో, తాళి కట్టాక దంపతులు మా ముందుకు వచ్చారు. పట్టుచీరతో సహా ఆమె నేల మీద కూర్చుంది. అల్లుడు కంగారుపడి తనూ కూర్చున్నాడు. అమ్మాయికి అలవాటే కాబట్టి ఆమె కూడా కూర్చుంది. నేనొక్కణ్ణే నిలబడి అక్షింతలు పట్టుకుని ఉన్నాను. ఆ ఫోటో మా హాల్లో ఉంది. చూసినవాళ్ళు పేకాట ఆడుతున్నారా అని అడుగుతారు.

ఆస్పత్రిలో ఇంటికి పంపేవాళ్ళ కాగితం మీద, అచ్చు వేసిన జాగ్రత్తల కింద, ఆమె తన చేత్తో ఒక వాక్యం రాయడం మొదలుపెట్టింది. తెలుగులో, తమిళంలో, కన్నడంలో. "ఎవరి కాళ్ళకూ మొక్కరాదు. దేవుడికైనా నిలబడే దండం." మొదట్లో చిన్న డాక్టర్లు నవ్వారు. పెద్ద డాక్టరు నవ్వలేదు. కొన్నేళ్ళకు ఆ వాక్యం అచ్చులోకి ఎక్కింది. దాని కింద ఆమె పేరు లేదు, ఉండాలని ఆమె అనుకోలేదు. ఆ కాగితం ఒకటి నా బీరువాలో ఉంది. టూల్ రూములో మేము లెక్కలేనన్ని డైలు, అంటే ఇనుప అచ్చులు, చేశాం. వాటిలో ఒక్కటి కూడా ఆ ఒక్క వాక్యంలా మనుషుల్ని కాపాడలేదు.

రిటైరైన రోజు పెద్ద డాక్టరు రెండే మాటలు మాట్లాడారు. పెద్ద గడ్డ ఉన్న రోజు పొద్దున్నే తను అడిగే మొదటి ప్రశ్న 'సిస్టర్ వచ్చిందా' అని, ఇకమీద ఏమి అడగాలో తెలియదని. నేను చివరి వరసలో కూర్చుని ఉన్నాను. ఆ రోజు నా కొత్త చొక్కా నాకు బిగుతైంది.

ఇంట్లో ఊరకే ఉండలేక, వారానికి రెండు రోజులు కృష్ణగిరిలో నర్సింగు కాలేజీకి పాఠం చెప్పడానికి పోయేది. మామిడికాయల కాలంలో రెండు రకాల కాయలు సంచిలో వేసుకుని వెళ్ళేది. ఒకటి రసం కాయ, ఒకటి పీచు కాయ. వచ్చేటప్పుడు సంచి ఖాళీ. "పాఠం తినేసినారు" అనేది.

ఆ శుక్రవారం నేను ముగ్గురికి ఫోను చేశాను. మా అమ్మాయికి, కావేరిపట్టణం బావమరిదికి, ఆస్పత్రికి. మధ్యాహ్నానికి వీధి నిండింది. హాల్లో ఆమెను పడుకోబెట్టారు. ముక్కుపుడక పెట్టారు. బంధువులు వరసగా వచ్చి పాదాలకు మొక్కుతున్నారు. ఇన్నేళ్ళు దాచిపెట్టుకున్న పాదాలు అలా అందరికీ దొరికిపోవడం చూడలేకపోయాను.

మూడు గంటలకు వేప్పనపల్లి నుంచి ఆ కోడలు వచ్చింది. ఇప్పుడు ఆమే ఒక అత్త. తల నెరిసింది. ముక్కుకు రెండు పక్కలా పుడకలు. పాదాల దగ్గరికి వచ్చి, నిటారుగా నిలబడి, చేతులు జోడించింది. గడ్డం కూడా దించలేదు.

"కాళ్ళకి మొక్కమ్మా, పుణ్యాత్మురాలు" అంది మా పెద్దమ్మ.

"ఆయమ్మే వద్దనింది అవ్వా" అంది ఆమె.

వెనక ఇంకా కొందరు ఉన్నారు. ఎవరెవరో నాకు తెలియదు. ఒకాయన తమిళంలో, ఒకామె కన్నడంలో మెల్లగా ఏదో అనుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, నిలబడి, చేతులు జోడించి పక్కకు జరిగారు. ఒక్కరూ వంగలేదు. వాళ్ళకు మూతలు ఎప్పుడో అతుక్కుపోయాయి. ఇప్పుడు వంగితే ఏమీ కాదు. అది వాళ్ళకూ తెలుసు.

చివర నా వంతు వచ్చింది. భార్య కాళ్ళకు మొక్కే వాడుక మనలో లేదు. నాకు మొక్కాలనిపించింది. ఈసారి ఆమె నాకంటే ముందు కూర్చోలేదు కదా. వంగబోయాను. వేప్పనపల్లి ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"వద్దన్నా. సిస్టరమ్మకి ఇష్టం ల్యా."

నిలబడ్డాను. నిలబడే దండం పెట్టాను.

వ్యాను కదిలినప్పుడు నేను ముందు సీట్లో ఉన్నాను. మా గేటు పక్కన వాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారు. వేప్పనపల్లి ఆమె అందరికంటే చివర, ఎదురింటి గోడకేసి ముఖం పెట్టి, చేతులు జోడించి ఉంది. వ్యాను ఆమె ముందు నుంచి పక్కకు సాగింది. వెనక్కి తిరిగి చూశాను. ఆమె తల తిప్పలేదు. ముఖం ఎటున్నది అటే ఉంది. కళ్ళు మాత్రం వ్యాను వెంట పక్కకు జరిగాయి, ఇంకా పక్కకు, చెవి దాకా, మేము మలుపు తిరిగే దాకా.